జ్వరం లేకపోయినా రక్తపరీక్ష: నెలకోసారి మన ఆత్మీయ స్థితిని చూసుకోవడం ఎలా

మా గజపతి జిల్లా కొండ ఊళ్లలో జ్వరం లేనివాళ్లకి కూడా మలేరియా పరీక్ష చేస్తారు. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘దమన్’ కార్యక్రమం అది. ముసలీ ముతకా, పిల్లాజెల్లా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వేలు మీద సూదితో పొడిచి, ఒక్క చుక్క రక్తం తీసి తెల్లటి ప్లాస్టిక్ కిట్ మీద వేస్తారు. పావుగంట ఆగితే తెలిసిపోతుంది. ‘ఒళ్లు చల్లగానే ఉంది కదా, నాకెందుకు?’ అని మొదట్లో చాలామంది అడిగేవారు. ఒంట్లో మలేరియా ఉండి కూడా జ్వరం రానివాళ్లు ఉంటారు. వాళ్లు మామూలుగానే పొలానికి వెళ్తారు, సంతకి వస్తారు. వాళ్లని కుట్టిన దోమే పక్కింటి పసిపిల్లని కుడుతుంది. అందుకే జ్వరం లేనివాళ్లనీ చూస్తారు.

ఆత్మీయ జీవితంలో కూడా ఇదే జరుగుతుందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను పర్లాకిమిడిలో చిన్న వ్యాపారం చేసుకుంటాను. ఆదివారం ఆరాధన మానను. ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉంటుంది. సంఘంలో పెద్దగా ఉన్నాను, కానుకల లెక్క రాస్తాను. ఎవరైనా చూస్తే ఏ జ్వరమూ లేని మనిషిని. ‘మీరు విశ్వాసముగలవారై యున్నారో లేదో మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి’ అని పౌలు రాసింది (2 కొరింథీ 13:5) బయటివాళ్లకి కాదు, అప్పటికే సంఘంలో కూర్చున్నవాళ్లకి. ఆ మాట వంద సార్లు విన్నాను. అది చేయడం ఎలాగో మాత్రం ఎవరూ చూపించలేదు. పడుతూ లేస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో రాయగడలోనో బరంపురంలోనో ఉండే మన తెలుగువాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

ముందు రోజు ఖాయం చేసుకోండి

‘ఎప్పుడైనా తీరికగా ఆలోచిద్దాం’ అనుకుంటే అది జరగదు. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉంటుంది. దానికి ముందు శనివారం సాయంత్రాన్ని నేను దీనికే ఉంచుకుంటాను. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోనిది తాగాలి అని పౌలు చెప్పాడు (1 కొరింథీ 11:28). అంటే ఈ పరీక్షకి తేదీ బైబిల్లోనే ఉంది. మీ సంఘంలో ప్రతి ఆదివారం బల్ల ఉంటే, నెలలో ఒక శనివారాన్ని మీరే ఎంచుకోండి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకి పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ముందు ఆత్మపరిశోధన చేసుకునే అలవాటు ఎలాగూ ఉంది. దాన్నే కాస్త నిదానంగా చేయండి.

గంట చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను దగ్గర ఉంచుకోండి. పిల్లలు పాత పరీక్ష పుస్తకాల్లో వదిలేసిన ఖాళీ పేజీలైనా సరే.

మీరు వెతకడం కాదు, వెతకమని అడగండి

కూర్చోగానే తప్పుల జాబితా మొదలుపెట్టకండి. నేను మొదట్లో అదే చేశాను. నాకు దొరికినవన్నీ నాకు ముందే తెలిసిన తప్పులు, ఒప్పుకోవడానికి పెద్దగా కష్టం లేనివి. మన కన్ను మన వీపును చూడలేదు. కాబట్టి ముందు 139వ కీర్తన తెరిచి, చివరి రెండు వచనాలు నెమ్మదిగా, పైకి వినబడేలా మూడుసార్లు చదవండి. ‘దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము’ అని దావీదు అడుగుతున్నాడు. సూది ఆయన చేతిలో పెడుతున్నాడు. చదివాక ఐదు నిమిషాలు ఏమీ అనకుండా కూర్చోండి. ఆ ఐదు నిమిషాల్లో ఏదో ఒక మనిషి ముఖమో, ఒక సంఘటనో గుర్తొస్తుంది. దాన్ని తోసేయకుండా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంటి భాషలో రాయండి

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే కాబట్టి, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మన తెలుగు బైబిలు భాష నాకు ప్రాణం. మా నాయనమ్మ ఆ భాషలోనే ఏడ్చింది, ఆ భాషలోనే కన్ను మూసింది. కానీ పాపం ఒప్పుకునేటప్పుడు ఆ పెద్ద మాటలు మనకి దుప్పటిలా పనికొస్తాయి. ‘ప్రభువా, నేను అయోగ్యుడను, ఘోరపాపిని, నా అతిక్రమములను క్షమించుము’ అని ఎవరైనా అనేయగలరు. దానికి ఖర్చేమీ లేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఆమేన్ కూడా అంటారు.

వరుసగా మూడు నెలలు నా నోటుబుక్కులో ‘వ్యాపారమందు నమ్మకముగా ఉండలేకపోతిని’ అని రాశాను. రాసి, క్షమించమని ప్రార్థించి, తేలికపడి, సోమవారం మళ్లీ అదే పని చేశాను. నాలుగో నెల ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి నన్ను నేను అడిగాను: ‘నమ్మకంగా లేకపోవడం అంటే ఏం చేశావు? ఎవరికి చేశావు? ఎంత?’

అప్పుడు రాసింది ఇది: ‘మంగళవారం సంతలో సవర అక్క తెచ్చిన చింతపండు ఇరవై రెండు కిలోలు తూగింది. ఇరవై అని చెప్పాను.’

సవరలు మా కొండల్లో ఉండే గిరిజనులు. మా దగ్గర కొండ సరుకు కొనేవాళ్లకి తరుగు తీయడం మామూలు. గంప బరువు అనీ, తేమ అనీ, గింజ అనీ పేరు పెట్టి కిలో తీసేస్తారు. నేను రెండు తీసేవాణ్ణి. కొండ మీద నుంచి తెల్లవారకముందే బయల్దేరి, నెత్తిన గంపతో దిగివచ్చిన మనిషికి కాటా మీద అంకెలు చదవడం రాదని నాకు తెలుసు. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అనే సామెతని (11:1) సండేస్కూలు పిల్లలకి కంఠతా పెట్టించింది కూడా నేనే. పెద్ద మాటల్లో రాసినంత కాలం ఆ సామెతకీ నా కాటాకీ సంబంధం కనిపించలేదు. ‘ఇరవై రెండు, ఇరవై’ అని అంకెలు వేసి రాసిన క్షణం నా చెయ్యి వణికింది.

అందుకని మీరు రాసే ప్రతి వాక్యంలో ఒక మనిషి, ఒక రోజు, ఒక పని ఉండాలి. ‘కోపం ఎక్కువైంది’ అని కాదు, ‘గురువారం రాత్రి కూర చల్లారిందని పళ్లెం తోసేశాను’ అని రాయండి. ‘అబద్ధాలు ఆడుతున్నాను’ అని కాదు, ‘చీటీ డబ్బు అడుగుతుందని వదినకి ఊళ్లో లేనని చెప్పాను’ అని రాయండి. ఇంట్లో ఒడియా కలిసిన తెలుగు మాట్లాడితే అలాగే రాయండి. దేవుడికి వ్యాకరణంతో పని లేదు.

ఎక్కడెక్కడ చూడాలి

ఇల్లు ముందు. మీరు జయపురం, కోరాపుట్ వైపు లూథరన్ సంఘాల వాళ్లైతే మీ దగ్గర ఒక మంచి పనిముట్టు ఇప్పటికే ఉంది. జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు 1880లలో ఆ ప్రాంతానికి వచ్చారు. లూథర్ చిన్న కేటకిజంలో (విశ్వాసాన్ని ప్రశ్న, జవాబులుగా నేర్పే పుస్తకం) పాపపు ఒప్పుకోలు గురించిన భాగం ఉంది. ఏ పాపాలు ఒప్పుకోవాలి అనే ప్రశ్నకి అక్కడ జాబు, పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానాన్ని చూసుకో అని. నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురువా, యజమానివా, పనివాడివా? మాటతో గాని చేతతో గాని ఎవరినైనా నొప్పించావా, దేన్నైనా దొంగిలించావా, నిర్లక్ష్యం చేశావా? మేం బాప్టిస్టులమే అయినా నేను ఇదే వరస వాడతాను. భర్తగా, తండ్రిగా, కొడుకుగా, వ్యాపారిగా, సంఘ పెద్దగా ఒక్కొక్క పేరు రాసి దాని కింద ఈ నెల ఏం జరిగిందో చూసుకుంటాను. ‘విశ్వాసిగా ఎలా ఉన్నాను?’ అని అడిగితే ఏమీ తోచదు. ‘కొడుకుగా ఎలా ఉన్నాను?’ అంటే అమ్మకి కళ్లజోడు మార్పించలేదని వెంటనే గుర్తొస్తుంది.

తర్వాత డబ్బు. ఫోన్‌పే తెరిచి నెల మొత్తం హిస్టరీ పై నుంచి కిందకి చూడండి. ఎవరికి వెళ్లింది, దేనికి వెళ్లింది, ఎవరికి ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదు. మన మనసు ఎక్కడుందో ఆ జాబితా దాచకుండా చెబుతుంది.

ప్రార్థన సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి గుర్తుందా? పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదకి వచ్చింది. రేకులు లేచిపోతుంటే, వాన గోడల్లోంచి కారుతుంటే ఇంటిల్లిపాదీ ఒక మూల చేరి ప్రార్థించాం. కొండచరియలు విరిగిపడి కొన్ని ఇళ్లలో దీపం పెట్టేవాళ్లు కూడా మిగల్లేదు. ఆ రాత్రి దేవుడితో మాట్లాడినట్టు ఈ నెలలో ఒక్క రోజైనా మాట్లాడానా? ఎన్ని నిమిషాలు చేశాను అని లెక్క కట్టకండి. నేను నిజంగా ఆయనతో చెప్పుకున్న చివరి సంగతి ఏమిటి, అది ఎన్నాళ్ల కిందట అని అడగండి. ఎఫెసు సంఘానికి కష్టపడే గుణం ఉంది, ఓర్పు ఉంది, అబద్ధ బోధకులను పట్టుకునే తెలివి ఉంది. అయినా మొదటి ప్రేమను వదిలావని ప్రభువు వాళ్ల మీద తప్పు మోపాడు (ప్రకటన 2:4). రోజంతా యూట్యూబులో వాక్యం వింటూ ఒక్క మాట కూడా ఆయనతో మాట్లాడని నెలలు నాకున్నాయి. వినడం మంచిదే, కానీ అది ప్రార్థన కాదు.

పగ సంగతి కూడా చూడండి. మనం ఉండేది సరిహద్దులో. భాష పేరుతో, కులం పేరుతో, మతం పేరుతో మాటలు పడిన అనుభవం మనలో చాలామందికి ఉంది. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులు చూసి, మా ఊళ్లలో కూడా కొన్నాళ్లు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. భయపడడం పాపం కాదు. ఆ భయం ఒక వర్గం మొత్తం మీద ద్వేషంగా మారి, పిల్లల ముందు మన నోటి నుంచి వస్తోందా అన్నది చూసుకోవాలి. అలాగే మనం తక్కువగా చూసేవాళ్ల సంగతి. సవర సంఘాల నుంచి సోదరులు కూటాలకి వస్తే మనం కుర్చీ ఇస్తున్నామా, చాప చూపిస్తున్నామా?

గలతీ 5లో ఆత్మ ఫలాలు తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. నెలకి ఒకటి తీసుకోండి. దీర్ఘశాంతం నెలలో మీ పిల్లలకి లెక్కలు చెబితే చాలు, మీ స్థితి మీకే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లని అడగండి

ఇది కష్టమైన పని. అయినా వదలకండి. రాసుకోవడం అయ్యాక మీతో ఒకే కప్పు కింద ఉండే ఒక్కరిని అడగండి. ‘నాలో ఏమైనా లోపం ఉందా?’ అని అడిగితే ‘అబ్బే, ఏం లేదు’ అంటారు. ‘ఈ నెలలో నా మాట ఎప్పుడు నిన్ను బాధపెట్టింది?’ అని అడగండి. జవాబు వచ్చాక పది నిమిషాలు నోరు మెదపకండి. సంజాయిషీ మొదలుపెట్టారో, వచ్చే నెల వాళ్లు చెప్పరు.

మొదటిసారి అడిగినప్పుడు మా ఆవిడ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండా అంది: ‘ప్రార్థన చేసేటప్పుడు మీ గొంతు వేరండీ, అన్నం ఆలస్యమైతే మీ గొంతు వేరు. పిల్లలకి రెండూ వినబడతాయి.’

అదే రోజు మా అబ్బాయి సంగతి కూడా బయటపడింది. వాడు ఒడియా మీడియంలో చదువుతున్నాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. కుటుంబ ప్రార్థనలో తెలుగు బైబిలే చదవాలని పట్టుబట్టి, తడబడిన ప్రతిసారీ కసిరేవాణ్ణి. ఏడు గంటలైతే వాడికి టెన్షన్ మొదలవుతోందట, కడుపునొప్పి అని పడుకుంటున్నాడట. నేను ఆత్మీయ క్రమశిక్షణ అనుకున్నది నా బిడ్డకి భయం అయింది. ఇప్పుడు వాడు ఒడియా బైబిల్లో చదువుతాడు, అదే భాగం మా అమ్మ తెలుగులో చదువుతుంది. తెలుగు అక్షరాలు వేరే సమయంలో నేర్పిస్తున్నాను. నేను ఒక్కణ్ణే కూర్చుని వెయ్యి సార్లు పరీక్షించుకున్నా ఇది నాకు దొరికేది కాదు.

మీరు ఒంటరిగా ఉంటే, సంఘంలో నోరు జారని ఒక పెద్దావిడనో, పెద్దాయననో ఎంచుకోండి. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే, మగవాళ్లు మగవాళ్లతోనే మాట్లాడుకోవడం మంచిది. మీ మాటల్ని సాక్ష్యాల్లో చెప్పేసే మనిషి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ఒక్కటి సరిచేయండి

కాగితం మీద పది ఉండొచ్చు. అన్నిటినీ దేవుడి ముందు ఒప్పుకోండి. ఒప్పుకుంటే క్షమించి పవిత్రులను చేస్తానన్నది ఆయన మాట (1 యోహాను 1:9). కానీ మనుషుల దగ్గర సరిచేయాల్సినవాటిలో ఈ నెలకి ఒక్కటి తీసుకుని, అది పూర్తి చేయండి. పదీ పట్టుకుంటే ఒకటీ కాదు.

నేను ఆ సవర అక్కకి రెండు కిలోల డబ్బు పట్టుకుని తర్వాతి మంగళవారం సంతకి వెళ్లాను. రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో వారం వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె నోట్లు తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత ఆ రోజు తెచ్చిన గంప నా కాటా మీద పెట్టి, ‘తూయి’ అంది. తూచాను. ‘మళ్లీ తూయి’ అంది. మళ్లీ తూచాను. పర్వాలేదనలేదు, క్షమించాననలేదు. అనాల్సిన అవసరం ఆమెకి లేదు. నేను మోసం చేసిన మిగతావాళ్లు ఎవరో నాకు గుర్తు లేదు. బైబిల్లో సుంకరి జక్కయ్యలా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇవ్వడానికి మనుషులు దొరకాలి కదా. అప్పటి నుంచి ఖాళీ గంపని ముందు వాళ్ల కళ్లెదుటే తూచి, అంత బరువే తీసేస్తున్నాను. అంకె పైకి చదువుతాను. దీనివల్ల నాకు లాభం తగ్గింది. తగ్గాల్సిందే.

సరిచేయడానికి వెళ్లేటప్పుడు రెండు జాగ్రత్తలు. ‘నువ్వు కూడా అప్పుడు అలా అన్నావు కదా’ అని కలపకండి. ఇంకొకటి, మీరు చెప్పడం వల్ల మూడో మనిషి పరువు పోయేలా ఉంటే ముందు పాస్టరు అయ్యగారితో మాట్లాడి వెళ్లండి.

ఒకవేళ ఏమీ అనిపించకపోతే, లేదా అన్నీ తప్పులే అనిపిస్తే

ఏమీ దొరకలేదంటే కంగారు పడకండి, కానీ వరుసగా మూడు నెలలు ఏమీ దొరకకపోతే పరిసయ్యుడి ప్రార్థన (లూకా 18) ఒకసారి చదువుకోండి. అతనికీ ఏమీ దొరకలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, కొందరికి ప్రతిదీ పాపంగానే కనిపిస్తుంది. ఒప్పుకున్నదాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటారు, నిద్రలో లేచి ఏడుస్తారు. మీరు అలాంటివారైతే ఈ పరీక్షని ఒంటరిగా చేయకండి. కాగితం మీద సగం పేజీ తప్పులకి, సగం పేజీ ఈ నెల దేవుడు చేసిన మేళ్లకి అని గీత గీసుకోండి. రెండో సగం నిండేదాకా లేవకండి. ఇంకా, వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే అది విశ్వాసం తగ్గడం కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. ఉపవాస ప్రార్థన పెట్టించుకోండి, డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఫోన్‌లో ఉచితంగా మాట్లాడతారు. మన వైపు మిషన్ ఆసుపత్రులు కట్టినవాళ్లు ప్రార్థననీ మందునీ విడదీయలేదు, మనం ఎందుకు విడదీయాలి?

ఆదివారం

శనివారం రాత్రి తేలింది చూసి భయపడి బల్ల దగ్గరికి రానివాళ్లని నేను చాలామందిని చూశాను. వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటారు, లేదా ఆ వారం అసలు గుడికే రారు. పౌలు మాట మళ్లీ చదవండి. పరీక్షించుకొని తినమన్నాడు, పరీక్షించుకొని మానేయమనలేదు. ఎవరితోనైనా తగవు ఉంటే ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:24). శనివారం రాత్రి ఫోన్ చేయడానికి ఇంకా టైం ఉంటుంది. వాళ్లు ఎత్తకపోతే, ‘రేపు మీ ఇంటికి వస్తాను’ అని మెసేజ్ పెట్టి, బల్ల దగ్గరికి రండి. సోమవారం మాట తప్పకండి.

ఇంటికొచ్చాక ఆ కాగితం చింపేయండి. క్షమించబడిన వాటిని బీరువాలో దాచుకోనక్కర్లేదు, ఇంకొకరి చేతిలో పడటమూ మంచిది కాదు. చింపే ముందు, ఈ నెల సరిచేస్తానని ఒప్పుకున్న ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మనిషి పేరుతో సహా కొత్త పేజీ మీద పైన రాసుకోండి. వచ్చే నెల శనివారం ఆ వాక్యం చదివి, అయిందా లేదా అని దాని పక్కన రాసి, అప్పుడు 139వ కీర్తన తెరవండి.